అతుకు మీద కూచునే మేస్త్రి

ఫైబరు మేస్త్రి పోయాడని కోట టౌనులో రంగుల కొట్టాయన చెప్పగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నీళ్ళల్లోనా?" అని.

కొట్టాయన నా వైపు వింతగా చూశాడు. "నీళ్ళల్లో ఎందుకు పోతాడుమా? దగ్గుతో పోయినాడు. ఇంట్లోనే, మంచం మీద. రెండు నెలలు దాటింది."

అక్కడున్న రంగు డబ్బా మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. మంచం మీద పోయాడన్న మాట వినగానే ముందు నాకు ఊపిరి ఆడింది. మనిషి పోయాడన్న సంగతి ఆ తర్వాత తగిలింది. చెప్పుకుంటే బాగుండదు గానీ జరిగింది అదే.

అతని పేరు మా పాళెంలో ఒకరిద్దరికి తెలుసేమో. అందరికీ ఫైబరు మేస్త్రే. చిల్లకూరు పక్క పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. ఎక్కడో చెన్నై పక్క పని నేర్చుకుని వచ్చి, మా తీరంలో పగిలిన పడవలూ కాలిన పడవలూ అతుకు వేసేవాడు. ఈత రాదు. సముద్రమంటే భయం. ఆ భయాన్ని దాచుకునేవాడు కాదు. పని చేస్తున్నంతసేపూ సముద్రానికి వీపు పెట్టి కూచునేవాడు. అల గట్టిగా విరిగితే ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి, "వినబడింది లే" అనేవాడు.

ఫైబరు పడవంటే గాజునూలు గుడ్డ. దాన్ని రెజిన్ అనే జిగురులో తడిపి, పొర మీద పొర వేసి గట్టిపడనిస్తారు. పాత పొరలను మిషను పెట్టి అరగదీస్తే లేచే గాజు పొడి ఒంటికి తగిలిందంటే రెండు రోజులు నిద్ర ఉండదు. అందుకని పని మొదలుపెట్టే ముందు మోచేతుల దాకా కొబ్బరి నూనె పట్టించి, దాని మీద పౌడరు దట్టంగా చల్లుకునేవాడు. ముక్కుకు మాత్రం తడిగుడ్డ ఒక్కటే కట్టేవాడు. ఆ గుడ్డ చాలలేదని ఇప్పుడు తెలుస్తోంది. అతను పౌడరు రాసుకుంటుంటే మా ఆడవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు.

"ఏం మేస్త్రీ, పెళ్ళిచూపులా?"

"అవునక్కా, మీ పడవనే చూసిపోదామని వచ్చినా. మొహం కాలిందైనా నాకు పరవాలేదు."

అతని చొక్కా జేబులో ఒక పాత రూపాయి బిళ్ళ ఉండేది. ఇప్పటి బిళ్ళ కాదు, వెనకటి పెద్దది. దాంతో పడవ ఒళ్ళంతా తట్టి చూసేవాడు. బాగున్న చోట టక్కుమని పలుకుతుంది. లోపల పొర వదిలేసిన చోట తడిసిన చాప మీద కొట్టినట్టు మూగగా ఉంటుంది. మూగగా ఉన్న చోటల్లా సుద్దముక్కతో గీత గీసేవాడు. తట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. మమ్మల్నందర్నీ "ష్" అని, తర్వాత సముద్రం వైపు తిరిగి, "నువ్వు గూడా" అనేవాడు. నవ్వులాటకు కాదు. నిజంగానే చిరాకు పడేవాడు.

చివరి పొర వేసే ముందు పడవ లోపలి వైపు ఒక కాగితం ముక్క పెట్టి, దాని మీద రెజిన్ పూసేవాడు. అది ఆరాక కాగితం అద్దం కింద పెట్టినట్టు కనబడేది. ఆ పడవకు ఏం జరిగింది, ఎక్కడ ఎట్లా కట్టాడు అన్నది పెన్సిలుతో రాసేవాడు. ఎవరికి అని అడిగితే, "నా తర్వాత వచ్చే మేస్త్రికి. వాడికి పడవ నోరు తెరిచి చెప్తాదా?" అనేవాడు.

అన్నింటికంటే వింత ఇంకొకటి ఉంది. తను బాగుచేసిన పడవ మొదటిసారి నీళ్ళలో దిగేటప్పుడు తనూ ఎక్కేవాడు. ఈత రాని మనిషి, ఖాళీ నూనె డబ్బా ఒకటి నడుముకు కట్టుకుని, సరిగ్గా తను వేసిన అతుకుకు వీపు ఆనించి కూచునేవాడు. పోయిన దగ్గర్నుంచి వచ్చిందాకా కక్కేవాడు. ఎందుకయ్యా ఈ తిప్పలంటే, "నా అతుకు మీద నేను కూచోకపోతే మీరెట్టా కూచుంటారు?" అనేవాడు. పని అయిందని ఏ రోజూ చెప్పలేదు. బిళ్ళ జేబులో వేసుకుని, "కూచోవచ్చు" అనేవాడు. అదే అతని నోట పని అయిందన్న మాట.

నా సంగతికి వస్తాను.

మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. పడవ నా పేరున ఉంది. వేటకు నా కొడుకు శీనయ్య, ఇంకో ముగ్గురు పోయేవాళ్ళు. మా పాళెంలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. కడగడం, బొట్టు పెట్టడం, వచ్చిన చేపను మోయడం మావి. ఎక్కడం మగవాళ్ళది. ఓనరమ్మ అని పిలిపించుకోవడమే గానీ ఆ పడవలో ఒక్కసారి కూచున్నదాన్ని కాదు.

ఆ ఏడు సర్కారు చేపల వేట ఆపించే రెండు నెలల విరామంలో పడవను తాటాకు పందిరి కింద పెట్టాం. ఒక మధ్యాహ్నం పక్కన వలలు బాగుచేసుకునేవాళ్ళు టీ కాచుకున్న పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరింది. తాటాకు ఎంతసేపు? పందిరి మొత్తం పడవ మీద కూలింది. మంచినీళ్ళ ట్యాంకరు అప్పుడే వచ్చి వీధిలో నిలబడి ఉంది. దాని పైపు లాగి ఆర్పారు. ఇంజను ఇంట్లో ఉంది కాబట్టి దక్కింది. పడవ వెనకవైపు ఎడమ పక్క, రెండు చాపలు పరిచినంత మేర కాలింది. జిగురంతా మండిపోయి, గాజునూలు ముసలమ్మ జుట్టులా తెల్లగా వేలాడుతోంది.

మంట సోకిన పడవను మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చల్లారుస్తారు. మూడు రోజులు, మిట్టమధ్యాహ్నం, ఇసుక మీద ఎవరూ లేనప్పుడు, ఏడేసి బిందెల సముద్రపు నీళ్ళు వేపరెమ్మ వేసి కాలిన చోట పొయ్యాలి. పోసిన మనిషి ఆ మాట ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఆ పడవకు మళ్ళీ ఆపద అని మా అత్త నాకు చెప్పింది. ఆమెకు వాళ్ళ అత్త. కొయ్య తెప్పల నాటి పద్ధతి. కొయ్య ఉప్పునీళ్ళు తాగితే ఏమీ కాదు. ఫైబరు సంగతి మా అత్తలకు ఎవరు చెప్పారు? ఇరవై ఒక్క బిందె మోశాను, పోశాను, నోరు మూసుకున్నాను.

నాలుగో రోజు మేస్త్రి వచ్చాడు. వచ్చీ రాగానే అడిగేవి అడిగాడు.

"ఎట్టా కాలింది? ఎంతసేపు కాలింది? ఏ నీళ్ళతో ఆర్పినారు?"

"ట్యాంకరు నీళ్ళు" అన్నాడు శీనయ్య.

"మంచిదయింది. ఆ తర్వాత? సముద్రం నీళ్ళేమైనా తగిలినాయా?"

శీనయ్యకు తెలియదు. నా వైపు చూశాడు.

"లేదు" అన్నాను.

"తగిలుంటే చెప్పక్కా. కాలిన నూలు ఒత్తి మాదిరి పీల్చుకుంటాది. లోపల ఉప్పుంటే పైన ఎంత కట్టినా నిలబడదు. మంచినీళ్ళతో కడిగి కడిగి ఆరబెట్టాల. పదైదు దినాలు పడతాది."

"పన్నెండు దినాల్లో పడవలు దిగతాయి."

"అందుకే అడగతా ఉండా."

"లేదన్నా గదా."

విరామం అయిపోయిన రోజు మా పాళెంలో పడవలన్నీ ఒకేసారి దిగుతాయి. ఆ రోజు దిగని పడవకు ఆ ఏడంతా ఒడ్డున చివరి చోటు. మా ఆయన ఉన్నప్పటినుంచీ దారికి ఎదురుగా మొదటి చోటు మాది. అది నేను బతికుండగా పోకూడదు అనుకున్నాను. నేనన్న ఆ 'లేదు'లో సగం అత్త చెప్పిన పద్ధతి, సగం ఆ చోటు. ఏది ఎక్కువో నాకే తెలియదు. మొత్తం అత్త మీదికి తోసేయడం తేలిక. తొయ్యను.

అతను కాలినదంతా అరగదీశాడు. బాగున్న పొర తగిలేదాకా పోయి, అంచులు పలచగా మెట్లు మెట్లుగా చెక్కాడు. గాజునూలు గుడ్డ కత్తిరించాడు. రెజిన్ కలిపాడు. ఉప్పుగాలి ఎక్కువైన పూట డబ్బా మూత కూడా తియ్యలేదు. నేను రోజూ అన్నం తీసుకుపోయి, అతను తింటున్నంతసేపూ ఆ అతుకునే చూసేదాన్ని. పైకి నున్నగా, గట్టిగా ఉంది. ఏమీ కాదు, కాలిన చోటంతా తీసేశాడు గదా, ఉప్పు కూడా దాంతోనే పోయి ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. రాత్రి పడుకుంటే అతని మాట వినబడేది. ఒత్తి మాదిరి పీల్చుకుంటాది.

పదో రోజు బిళ్ళ తీసి తట్టడం మొదలుపెట్టాడు. పై నుంచి కిందికి, మళ్ళీ పైకి. కింద ఒక మూల ఆగాడు. మళ్ళీ తట్టాడు. చెవి ఆనించి తట్టాడు. సముద్రం వైపు తిరిగి "ష్" అన్నాడు. అది ఆగితేనా?

"అక్కా, తప్పుగా అనుకోమాక, ఇంకోసారి అడగతా..."

"ఎన్నిసార్లడగతావు? పని రాకపోతే రాదని చెప్పు, ఇంకో మేస్త్రిని పిలిపిస్తా."

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో. అతని ముఖం చిన్నబోయింది. కాసేపు బిళ్ళను అటూ ఇటూ తిప్పుకున్నాడు. తర్వాత దాన్ని జేబులో వేసుకున్నాడు.

"నీ మాట మీద పోతా ఉండా. కూచోవచ్చు" అన్నాడు.

పడవలు దిగే రోజు తెల్లవారింది. ఒడ్డంతా జనం, కర్పూరం, కొబ్బరికాయలు. మా పడవ మొదటి చోటులో ఉంది. పసుపు రాసి బొట్లు పెట్టాను. పెట్టిన బొట్టు మీదే మళ్ళీ పెట్టాను. ఎవరైనా చూస్తే మొగుడు గుర్తొచ్చాడనుకుంటారు. శీనయ్య ఇంజను బిగించాడు. మేస్త్రి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నడుముకు నూనె డబ్బా కట్టుకుని వచ్చాడు.

"ఏం మేస్త్రీ, డబ్బా నిన్ను మోస్తాదా, నువ్వు దాన్ని మోస్తావా?" అని ఎవడో అరిచాడు.

"మునిగితే తెలుస్తాది లేబ్బా!"

అందరూ నవ్వారు. అతను ఎక్కి, పడవ వెనక్కి పోయి, ఎడమ పక్క అతుకుకు వీపు ఆనించి, రెండు చేతులతో చెక్కను పట్టుకుని కూచున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కింది పెదవి కదులుతోంది. దేవుణ్ణి తలుచుకుంటున్నాడో, కక్కు రాకుండా ఆపుకుంటున్నాడో. పడవను పది మంది తోశారు. ముక్కు అలకు లేచింది. నీళ్ళు సరిగ్గా అతుకు దాకా వచ్చాయి, అతని వీపు అవతల.

"ఆపండ్రా!"

అది నా గొంతే. నడుము లోతు నీళ్ళలోకి పోయి పడవ పట్టుకున్నాను. "ఆపండి. దింపండి మేస్త్రిని. ఉప్పునీళ్ళు పోసినా. మూడు దినాలు చల్లార్చినా."

తోసేవాళ్ళు తోసినట్టే నిలబడిపోయారు. ఊరి పెద్ద ఒడ్డునుంచి, "చెప్పకూడని మాట పడవ ముందరే చెప్పినావు గదమ్మే! ఇంకీ పడవ ఎవురెక్కతారు?" అన్నాడు. శీనయ్యతో పోయే ముగ్గురిలో ఇద్దరు అప్పుడే కిందికి దూకారు.

"ఇప్పుడామా చెప్పేది?" అన్నాడు శీనయ్య. పళ్ళు బిగబట్టి అన్నాడు.

మేస్త్రి మాత్రం పడవను మళ్ళీ ఇసుక మీదికి లాగిందాకా కూచునే ఉన్నాడు. దిగి, నడుముకున్న డబ్బా విప్పి పక్కన పెట్టాడు. మిగతా పడవలన్నీ వరసగా అలలు దాటి పోతున్నాయి. అతను ఉలి తీసుకుని, ఆ కింది మూల అంచులో దూర్చి లేపాడు. అరచేయంత ముక్క కాగిన పాల మీద మీగడలా లేచి వచ్చింది. దాని కింద తడి. మిగతాది లేవలేదు. గట్టిగానే ఉంది. ఆ పొద్దు పోయి ఉంటే ఏమయ్యేదో, అసలు ఏమీ అయ్యేది కాదో, నాకు ఇప్పటికీ తెలియదు. అతనికీ తెలియదు.

తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను. తిడితే బాగుండేది.

"ఎన్ని బిందెలు?"

"ఇరవై ఒకటి."

"పైనుంచి పోసినావా, కిందనా?"

"పైనుంచి."

"అందుకే కింద మూలకు దిగినాది." సుద్దముక్కతో అంత మేరా గీత గీశాడు. గీస్తూ గీస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. "అక్కా, నేను ఈత రానోణ్ణి."

అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

ఊరి పెద్ద వైపు తిరిగి, "మళ్ళా కట్టినాక ముందు నేనెక్కతా. నాకు మీ చల్లార్చడాలూ తెలవవు, మీ ఆపదలూ తెలవవు. నేను దిగి వచ్చినాక మీ ఇష్టం" అన్నాడు.

మొత్తం విప్పాడు. తను పది రోజులు కూచుని కట్టినదాన్ని రెండు పూటల్లో అరగదీసి పొడి చేశాడు. అందులో అతను మొదట పెట్టిన కాగితం కూడా ఊడింది. దాన్ని ఒకసారి చదువుకుని, నలిపి జేబులో వేసుకున్నాడు. తర్వాత నన్ను మంచినీళ్ళు మొయ్యమన్నాడు. ఎన్ని బిందెలని అడిగితే, "చాలన్నప్పుడు చెప్తా" అన్నాడు. చాలా రోజులు చెప్పలేదు. ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు నాకు దారి వదిలేవాళ్ళు కాదు. తాగే నీళ్ళు పడవకు పోస్తావా అని తిట్టారు. తిట్లు తింటూనే మోశాను. కడిగాం, ఆరబెట్టాం, మళ్ళీ కడిగాం.

రెండోసారి చివరి పొర వేసే రోజు, నేను బయట నిలబడి పడవ అంచు మీదుగా చూస్తున్నాను. అతను కాగితం మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు రాశాడు. ఎప్పుడూ అంతసేపు రాసే మనిషి కాదు.

"ఏం రాస్తా ఉండావు?"

"తర్వాత వచ్చే మేస్త్రికి."

"చదివి చెప్పు."

"చదువుకో."

నాకు అక్షరం రాదని అతనికి తెలుసు. నేను అబద్ధమాడిన సంగతి అందులో రాశాడని, అందుకే చదవలేదని నాకు అర్థమైపోయింది. అద్దం కింద పెట్టినట్టు, పడవ ఉన్నంత కాలం ఉంటుంది. చదువొచ్చిన ప్రతివాడూ చూస్తాడు.

పడవ దిగింది. అతను ఎక్కాడు, శీనయ్య ఎక్కాడు, ఒడ్డున ఎవరూ నవ్వలేదు. పొద్దు నడినెత్తికి వచ్చిందాకా నేను ఇసుకలో నిలబడే ఉన్నాను. వచ్చారు. మేస్త్రి ముఖం పాలిపోయి ఉంది. మోకాళ్ళ మీద ఇసుకలో కూలబడి, నోరు తుడుచుకుని, "కూచోవచ్చు" అన్నాడు. దూకిన ఇద్దరూ మర్నాటి నుంచి వేటకు వచ్చారు. ఆ ఏడు మాకు చివరి చోటే. ఉండనీ.

ఆ తర్వాత అతను మా పాళెం వచ్చినప్పుడల్లా పలకరించేవాడు. నేను పొడిపొడిగా మాట్లాడేదాన్ని. నా తప్పును నా పడవలోనే అతికించి పోయాడన్న కోపం. అరవై దాటాక నేను చదువు నేర్చుకున్నది ఆ కోపంతోనే. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే వేళ అంగన్‌వాడీ టీచరమ్మ పక్కన పలక పెట్టుకుని కూచునేదాన్ని. అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, బస్సు బోర్డులు వచ్చాయి. ఇదిగో, ఈ రాసేపాటి వచ్చింది. ఆ కాగితం దగ్గరికి మాత్రం పోలేదు. ఆడదాన్ని పడవెట్లా ఎక్కేది అని సాకు. భయం అసలు సంగతి.

కోట నుంచి ఆ రోజు రంగు కొనకుండానే వచ్చేశాను. ఆటో దిగి నేరుగా ఒడ్డుకు పోయాను. శీనయ్య పడవ నీడలో వల సర్దుకుంటున్నాడు.

"మేస్త్రి పోయినాడంట" అన్నాను. వాడి చేతులు ఆగిపోయాయి. "ఆ అతుకు దగ్గర అడుగు పలక ఎత్తు."

పడవ అంచు పట్టుకుని కాలు ఎత్తి లోపల పెట్టాను. వాడు వద్దనబోయి, నా ముఖం చూసి, చెయ్యి అందించాడు. పలక ఎత్తాడు. అన్నేళ్ళ జిడ్డు. సీసాలో మంచినీళ్ళతో కొంగు తడిపి తుడిచాను. పచ్చబారిన రెజిన్ కింద పెన్సిలు గీతలు బయటపడ్డాయి.

"చదివి చెప్పేదా?"

"నోరు ముయ్యి. నాకు వస్తాది."

వేలు పెట్టి చదివాను. ఒక్కొక్క అక్షరం. ఎండ నెత్తి మీద ఉంది.

'ఇక్కడ ఉప్పునీళ్ళు తగిలినాయి. ఓనరమ్మ తనే చెప్పింది. విప్పి మళ్ళీ కట్టినాను. కూచోవచ్చు.'

ఇంకేమైనా ఉందేమోనని చుట్టూ తుడిచాను. అంతే ఉంది.

"నువ్వు చదివినావా ఇది?"

"ఆ పొద్దే చదివినా" అన్నాడు శీనయ్య.

"చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు గదమా."

తిరిగి, ఆ అతుకుకు వీపు ఆనించాను. ఎండకు వెచ్చగా ఉంది.

"అమ్మా, ఎవరన్నా చూస్తారు" అన్నాడు వాడు.

"చూడనీ" అన్నాను. కూచున్నాను.